వేట ఖర్చు

గోపాలపట్నంలో మా ఇంటి ముందు గదిని ఆఫీసు అని పిలిచేది నేనొక్కదాన్నే. వీధిలో అందరికీ అది లాయరమ్మగారి వరండా. కొన్న నెలకే మిక్సీ కాలిపోయిందని వస్తారు. బిల్లేదీ అంటే, ఇల్లు సర్దినప్పుడు పారేశామంటారు. ఫోన్లో డబ్బులు ఒకరికి కొట్టబోయి ఇంకొకరికి కొట్టేశామని వస్తారు, అవతలివాడి చెవి పట్టుకుని నేను లాక్కొస్తానన్నట్టు నా మొహంలోకి చూస్తారు. జీతం ఎగ్గొట్టారని అపార్ట్‌మెంటు వాచ్‌మన్ వచ్చి వెళ్లిన సాయంత్రమే, ఆ జీతం ఇవ్వకుండా తప్పించుకునే దారేమైనా ఉందా అని అదే అపార్ట్‌మెంటు సెక్రటరీ వస్తాడు. ఇద్దరికీ టీ మా ఇంటిదే. ఫీజు మాటెత్తితే మాత్రం నేనేదో జోకు వేసినట్టు నవ్వుతారు. నాకు కోపం ఎక్కువని వీధిలో పేరుంది. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నది కాదు, వీళ్లందరూ కలిసి తెచ్చిపెట్టిందే.

మా వాళ్లు గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్లు. మా నాన్న పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయనకి జీతం అన్న మాటంటే దేవుడంత భక్తి. జీతం తీసుకునేవాడి వెనక చట్టం నిలబడుతుందని అనేవారు. భోజనాల దగ్గర ఆ మాట వినీ వినీ నేను లాయరునయ్యాను. మా ఇంట్లో పని చేయడమంటే ఒకరి కింద పని చేయడమే. అందులో తక్కువతనం ఏముందో నాకు చాలా కాలం తెలియలేదు. ఉందని అనుకునేవాళ్లు ఇదే ఊళ్లో, సముద్రం ఒడ్డున ఉన్నారని కూడా తెలియలేదు.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ వల్ల తెలిసింది. హార్బరులో తెల్లారి వేలం పాటలో చేపలు కొని, షేర్ ఆటోలో తట్ట పెట్టుకుని ఇంత దూరం వచ్చేది. మా ఇద్దరి మధ్యా ఏళ్ల తరబడి బేరాలు. నేను చెప్పిన ధరకి ఒక్కసారీ ఇవ్వలేదు. పైగా కోర్టులో కూడా ఇలాగే వాదిస్తావా అమ్మా, అందుకే నీకు కేసులు రావు అని ఎగతాళి చేసేది. వంజరం కోస్తూ ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. ఆవిడ రాని రోజు వీధి బోసిగా ఉండేది.

ఒకసారి వరసగా చాలా రోజులు రాలేదు. తర్వాత ఒక పొద్దున తట్ట లేకుండా వచ్చి వరండాలో కింద కూర్చుంది. కుర్చీ చూపించినా లేవలేదు.

"అమ్మా, మా ఆయన సెయ్యి పోయింది" అంది.

ఆవిడ భర్త మర బోటు మీద వేటకి వెళ్లే మనిషి. వల లాగుతుంటే, ఇంజనుతో తిరిగే వించికి చుట్టుకునే తాడులో కుడిచెయ్యి ఇరుక్కుంది. ఎవరో పరిగెత్తి ఇంజను ఆపేలోపే మణికట్టు పైదాకా నలిగిపోయింది. వల సగం లాగి సగం కోసేసి, బోటుని వెనక్కి తిప్పారు. ఒడ్డుకి చేరేసరికి సగం రోజు పైనే పట్టింది. బోటు ఓనరు హార్బరులో ఎదురుచూసి, తన తువ్వాలే చుట్టి, ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ చెయ్యి తీసేశారు.

"ఆ ఓనరు నాకు వరసకి అన్న. ఈయనకి బావ. ఆస్పత్రిలో సిన్నపిల్లడిలాగ ఏడిసాడమ్మా. ఏడిసాడు, ఎల్లిపోయాడు. మరి మేవెలగ బతకాల? ఈయన్ని ఇంకే బోటెక్కించుకుంతారు? హార్బరు గేటు కాడ ఐసుపెట్టి పెట్టుకుని సిన్న కొట్టేసుకుంతే, ఈయన కూకుని అమ్ముకుంతాడు. ఎడం సెయ్యి సాలు. దానికి డబ్బులు రావాల. చట్టంలో ఏటైనా ఉందా అమ్మా?"

ఉంది. పనిలో దెబ్బ తగిలితే పని ఇచ్చినవాడు పరిహారం ఇవ్వాలి. బోటు మీద మనుషులకి ఇన్సూరెన్సు కట్టి ఉంటే ఆ కంపెనీ ఇచ్చేది. ఓనరు కట్టలేదు కాబట్టి ఆయనే ఇచ్చుకోవాలి. నేను గట్టిగా, ధైర్యంగా చెప్పాను. నా కోపానికి చాలా రోజుల తర్వాత ఒక మంచి పని దొరికిందనిపించింది.

ఆ సాయంత్రం ఆయన్ని తీసుకొచ్చింది. యాభై దాటిన మనిషి, కండ కరగలేదు. చొక్కా కుడిచేతిని మడిచి పిన్నీసు పెట్టారు. నేను చెప్పిందంతా తలొంచుకుని విన్నాడు.

"బావ మీద కేసేటమ్మా?" అన్నాడు చివరికి.

ఆవిడ గయ్యిమంది. "బావ మీద కాకపోతే సముద్రం మీద ఎయ్యి. అది కడతాదేటి నీకు పైసలు?"

బావ మీద కోపంతో వేసే కేసు కాదిది, నీకు రావాల్సింది అడగడమేనని నేను నచ్చజెప్పాను. కూతురు దువ్వాడలో కాలేజీకి వెళుతోంది. దాని ఫీజు మాట ఆవిడ ఎత్తాక, ఎడమచేతి వేలిముద్ర వేశాడు. సంతకం వచ్చు ఆయనకి. కుడిచేత్తో వచ్చు.

కేసులో ఒక చిక్కుంది. అది నాకు మొదటి రోజే తెలుసు. ఆ బోట్ల మీద జీతాలుండవు. చేపలు అమ్మగా వచ్చిన దాంట్లోంచి డీజిలు, ఐసు, బియ్యం, వల బాగుచేత అన్నీ తీసేస్తారు. మిగిలిందాంట్లో సగం బోటుకి, సగం మనుషులకి. డ్రైవరుకి రెండు వాటాలు, వల లాగే కళాసీలకి తలా ఒకటి, వంట చేసేవాడికీ ఒకటి. చేపలు పడకపోతే ఆ ఖర్చు కూడా వాటాల లెక్కనే అందరి మీదా పడుతుంది. తాతల నాటి తెప్పల మీద కూడా ఇదే పద్ధతి. తెప్పలు పోయి మర బోట్లు వచ్చాయి, వించీలు వచ్చాయి, బ్యాంకు అప్పులు వచ్చాయి. పంపకం మాత్రం మారలేదు.

వాటా తీసుకునేవాడు పనివాడు కాడు, భాగస్తుడు అని అవతలి లాయరు అంటాడు. దానికి నా దగ్గర జవాబుంది. బోటెవరిది? ఎవరి మాట మీద కదులుతుంది? ఎవరు వద్దంటే ఈ మనిషి ఎక్కకుండా ఆగిపోతాడు? ఈ మూడూ తేలితే, ముట్టేదాన్ని వాటా అనండి, ప్రసాదం అనండి, ఆ మనిషి పనివాడే. విచారణకి ముందు ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి ఇవన్నీ అడిగాను. అబద్ధం ఒక్కటి చెప్పొద్దు, జరిగేదే చెప్పు అన్నాను.

"బోటు బావదే. ఎప్పుడెల్లాలో బావే సెప్తాడు. వద్దంటే ఎక్కను" అని చక్కగా చెప్పాడు.

"అంటే ఆయన కింద పని చేస్తున్నట్టేగా?"

తల తిప్పి వీధి వైపు చూశాడు. ఆవిడ మోచేత్తో పొడిచింది. "ఊఁ" అన్నాడు.

ఆ ఊఁ లో నాకు ఏదో తేడా వినిపించింది. ఆయన లేచి పంపు దగ్గర నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు ఆవిడే చెప్పింది. వాళ్ల పేటలో కూలికి వెళ్లడమంటే సముద్రం చేతకాక ఒడ్డున మిగిలిపోయినట్టు లెక్క. ఆయన సొంత తమ్ముడు వేట మానేసి ఏదో కంపెనీ గోడౌనులో చేరితే, పెళ్లి భోజనాల్లో కూడా వాణ్ణి పక్కన కూర్చోనివ్వలేదట. "పీకల్దాకా నీల్లలో ములిగినా ఎవుడికిందా సెయ్యను అంతాడమ్మా. ఆల నాన్నా అంతే, ఆల తాతా అంతే" అంది. చెప్పడంలో విసుగుంది. కొంచెం గర్వం కూడా ఉందని ఇప్పుడనిపిస్తుంది.

విచారణ కార్మిక శాఖ ఆఫీసులో. చిన్న గది, పైన గిర్రున తిరిగే ఫ్యాను, బల్ల వెనక ఆఫీసరు. ఓనరు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను ఆయన్ని దుర్మార్గుడిగా ఊహించుకుని వెళ్లాను, అలా అనుకుంటే నా పని తేలిక. కానీ నలిగిన చొక్కా, అప్పుల దిగులు పట్టిన మొహం, ముక్కు అచ్చం మా చేపలావిడదే. ఆవిడ వైపు చూడలేక కిటికీ వైపు చూస్తున్నాడు.

నేను అడిగినవాటికి మా మనిషి బాగానే జవాబిచ్చాడు. తర్వాత అవతలి లాయరు లేచాడు. కుర్రాడు, మెత్తగా మాట్లాడతాడు. అరిచేవాడైతే నేనూ అరిచేదాన్ని.

"ఈయన మీకేమవుతారండి?"

"బావ."

"ఈ బావగారు మీకు నెలకి జీతమెంత ఇచ్చేవారు?"

"జీతమేటండి? వాటా."

"వల చిరిగితే ఎవరు పెట్టుకుంటారు?"

"అందరం."

"చేపలు పడకపోతే?"

"అదీ అందరిదే. పడ్డప్పుడు తీసుకుని, పడనప్పుడు ఒగ్గేత్తామేటి?"

నేను ఆయన కళ్లలోకి చూడడానికి ప్రయత్నించాను. ఆయన నా వైపు లేడు. ఓనరు వైపు చూస్తున్నాడు. ఓనరు కూడా కిటికీ వదిలేసి ఆయన్నే చూస్తున్నాడు.

"మిమ్మల్ని ఎప్పుడైనా కూలీ అన్నారా?"

"నన్నా? మా బావా?" నవ్వాడు. చెయ్యి పోయాక నేను చూసిన మొదటి నవ్వు అదే. వెన్ను నిటారుగా పెట్టాడు. "బాబూ, మేం ఎవుడికిందా కూలికి సెయ్యలేదు. నాను కూలోణ్ణి కాదు, వాటాదారుణ్ణి. రాసుకోండి."

ఆఫీసరు రాసుకున్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. మళ్లీ ప్రశ్నలడిగే అవకాశం ఇమ్మని లేచాను. బోటు ఎవరి పేరున ఉంది, ఎవరి మాట మీద కదులుతుంది అని తిప్పి తిప్పి అడిగాను. అన్నిటికీ నిజమే చెప్పాడు. కానీ ఆ ఒక్క ముక్క వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. వెనక బెంచీ మీద ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

బయటికి వచ్చాక వరండాలో ఆ ఇద్దరు మగవాళ్లూ ఒకరి ముందొకరు నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. పిన్నీసు ఊడి మా మనిషి చొక్కా చెయ్యి వేలాడుతోంది. ఓనరు దాన్ని మళ్లీ మడిచి, పిన్నీసు పెట్టి, గుచ్చుకుందేమోనని తడిమి చూశాడు. అంత ప్రేమ ఉన్న మనిషి ఆ లాయరుని ఎందుకు పెట్టుకున్నాడని నాకు ఒళ్లు మండింది. పరిహారం ఇవ్వాల్సి వస్తే బోటు అమ్ముకోవాలి, అందుకు పెట్టుకున్నాడు. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినా మంట తగ్గలేదు.

"సెయ్యి బదులు నోరు పోయినా బాగుణ్ణు" అంది ఆవిడ నా పక్కన. అని, అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చింది. అన్నేళ్ల బేరాల్లో ఆవిడ ఏడవగా నేను చూడలేదు.

ఆర్డరు కొన్ని వారాలకి వచ్చింది. పనివాడు, యజమాని అన్న సంబంధం రుజువు కాలేదు, దరఖాస్తుదారు తానే వాటాదారునని ఒప్పుకున్నాడు, కాబట్టి పరిహారం లేదు. పైకోర్టుకి వెళదాం, వాటా ఇచ్చినంత మాత్రాన పనివాడు కాకుండా పోడు, నేను గెలిపిస్తాను, ఫీజు వద్దు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "బావని ఇంకోపాలి కోర్టు మెట్లెక్కించనమ్మా" అన్నాడు. మనిషి సంతకం లేకుండా, వేలిముద్ర లేకుండా అప్పీలు వేసే విద్య నాకు రాదు.

ఆవిడ మళ్లీ తట్టతో రావడం మొదలుపెట్టింది. బేరాలు మొదటిలా సాగలేదు. నేను అడిగినంతకి ఇచ్చేసేది, నాకేమో ఆవిడ చెప్పినంతా ఇవ్వాలనిపించేది. ఇద్దరం ఇబ్బంది పడి, చివరికి నేను చిల్లర వెనక్కి తీసుకోకుండా లోపలికి వెళ్లిపోయేదాన్ని.

చేపలు గుడ్లు పెట్టే రోజులని సర్కారు పెట్టే ఎండాకాలం వేట నిషేధం మొదలైంది. బోట్లన్నీ జెట్టీకి చేరాయి. ఆ రోజుల్లో ఆ సీజను లెక్కలు తేల్చుకుంటారు. అప్పుడు ఆవిడ మళ్లీ రావడం మానేసింది. నిషేధం కదా, చేపలు లేవేమోననుకున్నాను. మద్దిలపాలెంలో ఏదో పని మీద బస్సు కోసం నిలబడితే కనిపించింది. ఎవరి దగ్గరో అరువుకి తెచ్చిన ఎండుచేపలు గోనె పరుచుకుని అమ్ముతోంది. తట్ట ఏదంటే, పెట్టుబడి పోయింది అంది. అంతలో నా బస్సు వచ్చేసింది.

ఆ మర్నాడు ఇద్దరూ కలిసి వచ్చారు. నాకు ఆశ కలిగింది. అప్పీలుకి మనసు మారిందనుకుని, కాగితాలు బయటికి తీశాను.

"అది కాదమ్మా. ఓ సిన్న న్యాయం అడుగుదామని వచ్చాను" అన్నాడు.

ఏమిటంటే, లెక్కల దగ్గర ఆయన చెయ్యి పోయిన ఆ వేట వచ్చింది. చేపలు లేకుండా తిరిగొచ్చిన వేట. పోసిన డీజిలు పోసినట్టే అయిపోయింది, ఐసు కరిగిపోయింది, వల కోసేశారు. పెద్ద నష్టం. అది అందరి మీదా వాటాల లెక్కన పడింది. ఓనరు మా మనిషి వంతు తనే వేసుకుంటానన్నాడట. కళాసీల్లో ఒకడు మాత్రం, గవర్నమెంటే వాటాదారుడని రాసిచ్చింది కదా, లాభానికి వాటాదారుడు నష్టానికి కాదా అన్నాడట. అన్నవాడి ఇంట్లోనూ పొయ్యి అంతంతమాత్రమే. ఆ మాట పేటలో తిరిగి ఈయన చెవిన పడింది. ఎవరూ అడగకముందే, భార్య చేపలు కొనే పెట్టుబడి డబ్బు తీసుకెళ్లి జెట్టీ మీద అందరి ముందూ కట్టేసి వచ్చాడు.

"కట్టకూడదయ్యా! ఎందుకు కట్టావు? నీ చెయ్యి పోయింది ఆ వేటలోనే కదా!" అని అరిచాను. నా అరుపుకి వీధిలో వెళ్లేవాళ్లు ఆగారు.

"వాటాదారుణ్ణి గదమ్మా" అన్నాడు, ఎదురు చెప్పినట్టు కాదు, నాకు గుర్తు చేస్తున్నట్టు.

ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుంది. తిట్టలేదు. తిట్టే దశ ఇంట్లోనే దాటేశారని ఆ వీపు చూస్తే తెలిసింది.

"అది అయిపోయింది, పోనీ. నాను అడిగేది వేరే" అన్నాడాయన. అడగడానికి సిగ్గుపడుతున్నాడు. "ఐసు కరిగింది, అది వేట ఖర్చులో రాసారు. డీజిలు రాసారు. వల కోసేసినాం, అదీ రాసారు. అందరం పంచుకున్నాం. అదే వేటలో నా సెయ్యి పోయింది. అది కూడా వేట ఖర్చేనా అమ్మా? ఐతే అందరికీ పంచాల గదా. బావని అడిగితే బాగోదు. న్యాయంలో ఎలగుందో నువ్వు సెప్పు."

విచారణ గదిలో నేను గొంతు చించుకుని చెప్పాలనుకున్నదంతా ఆ మాటలో ఉంది. అప్పుడు నిటారుగా నిలబడిన మనిషి, ఇప్పుడు నా వరండాలో కుర్చీ అంచున కూర్చుని, నేను ఔనంటే నమ్మేసేలా నా మొహంలోకి చూస్తున్నాడు. నాకు ఔననాలనే ఉంది. ఔనంటే తిన్నగా జెట్టీకి వెళ్లి అడుగుతాడు, అక్కడ నవ్వుతారు.

"కాదు నాయనా. వల అందరిదీ, నష్టం అందరిదీ. చెయ్యి మాత్రం నీ ఒక్కడిదే. ఆర్డరులో అలాగే ఉంది" అన్నాను.

"అదేలెండమ్మా. నానూ అలగే అనుకున్నాను" అని లేచాడు. ఫీజెంత అని అడిగాడు. ఆ వరండాలో ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే.